జర్మనీ మహిళా ఫుట్‌బాలర్ లెనా ఓబర్‌డోర్ఫ్ గోల్స్ పెద్దగా కొట్టదు కదా, ఆన్‌లైన్‌లో ఇంత ఫాలోయింగ్ ఎందుకు?

గోల్స్ లెక్కేసి చూస్తే ఆమె ఎప్పటికీ అర్థం కాదు. ఆమెది ఆరో నంబర్ స్థానం, అంటే డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్. డిఫెన్స్ ముందు కాపు కాసి ఎదుటి జట్టు దాడిని మొదట్లోనే విరిచేయాలి. ఈ పని చేసేవాళ్లు మామూలుగా క్లిప్పుల్లో కనపడరు. ఓబర్‌డోర్ఫ్ కనపడుతుంది, ఎందుకంటే ఆమె బంతి లాక్కునే తీరు పది సెకన్లలో ఇమిడిపోతుంది. ఎదుటి ప్లేయర్ ఓబర్‌డోర్ఫ్ జట్టు గోల్‌కి వీపు పెట్టి పాస్ అందుకుంటుంది. తిరిగేలోపే ఓబర్‌డోర్ఫ్ భుజం ఆనిస్తుంది, కాలు ముందుకొస్తుంది, బంతి పోతుంది. రీల్‌కి అంతకంటే ఏం కావాలి!

2019 వరల్డ్ కప్‌లో 17 ఏళ్లకే ఆడి, వరల్డ్ కప్‌లో ఆడిన అతి పిన్న జర్మనీ క్రీడాకారిణిగా బిర్గిట్ ప్రింట్స్ పేరిట ఉన్న రికార్డును దాటింది. అయినా అందరి నోళ్లలో నానింది మాత్రం 2022 యూరో (యూరప్ దేశాల చాంపియన్‌షిప్)తోనే. వెంబ్లీలో 87,192 మంది ముందు ఫైనల్లో ఇంగ్లండ్ చేతిలో జర్మనీ అదనపు సమయంలో 2-1తో ఓడింది, టోర్నీ ఉత్తమ యువ క్రీడాకారిణి అవార్డు మాత్రం ఆమెకే దక్కింది. ఆ ఫైనల్‌ని జర్మనీలో కోటీ డెబ్బై లక్షలకు పైగా టీవీలో చూశారు. ఫాలోయింగ్‌కి అసలు పునాది అదే.

ఇక ఆట ఎలా చూడాలంటే, కొత్తవాళ్లకి నేను చెప్పే పద్ధతి ఒకటే. ఫుల్ మ్యాచ్ పెట్టుకోండి, ఇరవై నిమిషాలు బంతిని వదిలేసి ఆమెనే చూడండి. జర్మనీ దాడి చేస్తున్నప్పుడు ఆమె ముందుకు పరుగెత్తదు, ఎదుటి స్ట్రైకర్‌కి కాస్త దూరంలో ఆగి, తల తిప్పి వెనక ఎవరున్నారో చూసుకుంటుంది. బంతి పోగానే మొదటి పాస్ ఎవరికి వెళ్తుందో వాళ్ల మీదికి వెళ్తుంది. ఆ తల తిప్పడం ఎడిటింగ్‌లో తీసేస్తారు. నా దృష్టిలో ఆమె గొప్పతనంలో సగం అక్కడే ఉంది.

ఈ ఆటలో ప్రమాదం కూడా అంతే ఉంది. కబడ్డీలో కార్నర్ డిఫెండర్ తొందరపడి రైడర్ మీదికి దూకితే ఏమవుతుందో తెలుసుగా. ఇక్కడా ఒక్క క్షణం ఆలస్యమైతే ఫౌల్, ఎల్లో కార్డు. బంతి అందకపోతే ఆమె వదిలొచ్చిన ఖాళీలోంచి నేరుగా సెంటర్ బ్యాక్‌ల (మధ్యలో ఆడే డిఫెండర్ల) మీదికి దాడి. అలాంటి సమయంలో పక్క మిడ్‌ఫీల్డర్ ఎంత త్వరగా లోపలికి వస్తుందో గమనించండి. 2022లో ఆ పని ఎక్కువగా జర్మనీ మిడ్‌ఫీల్డర్లు లీనా మాగుల్, సారా డేబ్రిట్స్ చేసేవాళ్లు.

క్లిప్పులు చూసేటప్పుడు తేదీ తప్పకుండా చూసుకోండి. 2024 జులైలో ఆస్ట్రియాతో మ్యాచ్‌లో ఆమె కుడి మోకాలి లిగమెంట్ తెగింది. వోల్ఫ్స్‌బుర్గ్ క్లబ్ నుంచి బయర్న్ మ్యూనిక్ క్లబ్‌కి మారుతున్న సమయం అది. పారిస్ ఒలింపిక్స్ పోయాయి, 2025 యూరో కూడా పోయింది. తిరిగొచ్చాక 2025 అక్టోబరులో అదే మోకాలికి మళ్లీ అదే గాయం. అందుకే కొత్తగా పెట్టే ట్యాకిల్ (బంతి లాక్కునే) వీడియోల్లో పాతవి కూడా ఉండొచ్చు. పాతవాటిని చూసి ఇప్పటి ఫామ్ అంచనా వేయడం ఆమెకే అన్యాయం.

మొదలుపెట్టడానికి 2022 జులై 27న మిల్టన్ కీన్స్‌లో ఫ్రాన్స్‌తో జరిగిన సెమీఫైనల్ బాగుంటుంది. జర్మనీ 2-1తో గెలిచింది, రెండు గోల్సూ కెప్టెన్ అలెక్సాండ్రా పోప్‌వే. మీరు మాత్రం స్కోరు పక్కన పెట్టి, ఫ్రాన్స్ మధ్యలోంచి బంతి తేవాలని చూసిన ప్రతిసారీ ఓబర్‌డోర్ఫ్ ఎక్కడుందో వెతకండి.