ప్రచారంతో మనుషుల నమ్మకాలు నిజంగా మారతాయా? చదువుకున్నవారు కూడా ఎందుకు నమ్ముతారు?

2019 ఎన్నికలకు ముందు మూడు నెలల పాటు ఒక పార్టీ కోసం వాట్సాప్ సందేశాలు రాసే పని చేశాను. ఏ పార్టీ అన్నది అనవసరం. ఎదుటి పార్టీకి అదే పని చేసే కుర్రాళ్ల గది మా వీధి చివరే ఉండేది, అందరం ఒకే బండి దగ్గర టీ తాగేవాళ్లం. కాబట్టి ఈ ప్రశ్నకు వంటవాడి వైపు నుంచి జవాబు చెబుతున్నాను.

మొదటి రోజే మాకు చెప్పిన మాట, నాయకుణ్ణి పొగడవద్దని. పొగిడితే అది ప్రచారమని చంటిపిల్లలకు కూడా తెలిసిపోతుంది. 'నిన్న మా పిన్ని బ్యాంకుకు వెళ్తే అక్కడ ఒకాయన చెప్పాడట' అని మొదలుపెట్టాలి. ఒకటి రెండు అచ్చుతప్పులు కావాలనే వదిలేయాలి, మరీ శుభ్రంగా ఉంటే ఆఫీసులో కూర్చుని రాసినట్టు కనిపిస్తుంది. పొద్దున శుభోదయం బొమ్మల వెనకే ఒకటి, రాత్రి భోజనాలయ్యాక ఒకటి పంపాలి. అన్నిటికంటే ముఖ్యం, ఉత్త అబద్ధం రాయకూడదు. ఊళ్లో జనానికి ముందే ఉన్న అనుమానాన్ని పట్టుకుని దానికి కాస్త కొసరు తగిలించాలి.

అలా నేను రాసినవాటిలో ఒకటి ఇసుక గురించి. ఏటి ఒడ్డు ఊళ్లలో రాత్రిపూట ఇసుక తరలిపోవడం కొత్తేమీ కాదు. నేను దానికి అవతలి అభ్యర్థి మనుషులను అంటగట్టి, 'మూడు ట్రాక్టర్లు, లైట్లు ఆర్పేసి, ఒకదాని వెనక ఒకటి' అని రాశాను. ఆ మూడూ, ఆర్పేసిన ఆ లైట్లూ నేను టీ తాగుతూ పుట్టించినవి. పది రోజుల తర్వాత అమ్మమ్మగారి ఊరు వెళ్తే, మావయ్య అరుగు మీద కూర్చోబెట్టుకుని ఆ కథ నాకే చెప్పాడు. "మొన్న అర్ధరాత్రి చేనుకు నీళ్లు కట్టడానికి వెళ్లానురా. మూడు ట్రాక్టర్లు. లైట్లు ఆర్పేసి, ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి." నాకు నోట మాట రాలేదు. కాసేపటికి తేరుకుని, "మావయ్యా, అది నేను రాసిందే" అన్నాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "నువ్వు రాస్తే రాశావులే. జరిగింది నిజమే కదా" అన్నాడు.

మావయ్య అబద్ధాలాడే మనిషి కాదు. ఎప్పుడో ఏదో ట్రాక్టరును చూసే ఉంటాడు. నా సందేశం నాలుగైదు గ్రూపుల్లో చదివి ఉంటాడు. రెండూ కలిసిపోయాయి, ఎవరు చెప్పారన్నది మాత్రం జారిపోయింది.

ఇలా జారిపోవడం గురించి తర్వాత చదివాను. 1951లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ హోవ్లాండ్, వాల్టర్ వైస్ తమ ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అణు జలాంతర్గాముల మీద ఒకే వ్యాసాన్ని కొందరు విద్యార్థులకు శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ రాసినదని, మరికొందరికి సోవియట్ పత్రిక ప్రావ్దాలో వచ్చినదని చెప్పి చదివించారు. అప్పటికప్పుడు అడిగితే ఓపెన్‌హైమర్ పేరు చూసినవారే ఎక్కువగా నమ్మారు. నాలుగు వారాలు గడిచాక అడిగితే ఆ తేడా దాదాపు కనిపించలేదు. మన ఇళ్లలో ఏ పేపరు ఏ పార్టీదో అందరికీ తెలుసు, 'మేము అన్నీ నమ్మేస్తామా' అని నవ్వుతాం కూడా. కానీ నెల తిరిగేసరికి పేపరు పేరు పోయి వార్త మిగులుతుంది. పదేపదే విన్న వాక్యం మరింత నిజంగా తోస్తుందని 1977లో ఇంకో ప్రయోగం తేల్చింది. అది మా గదిలో ఎవరూ చదవలేదు, అవసరమూ రాలేదు.

ఇక చదువు సంగతి. నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు, కొత్త రెండు వేల నోటులో నానో చిప్ ఉందని, భూమిలో 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పట్టేస్తుందని టీవీల్లో బొమ్మలు గీసి మరీ చెప్పారు. బ్యాటరీ లేని చిప్పు అంత మట్టి కింద నుంచి ఉపగ్రహానికి సంకేతం పంపలేదని రెండు నిమిషాలు ఆలోచిస్తే నాకే తెలియాలి. ఆలోచించలేదు. దొంగసొమ్ము దాచినవాళ్లు దొరికిపోవాలని మనసులో అంత బలంగా ఉంది మరి. అలాంటి చిప్పేమీ లేదని రిజర్వ్ బ్యాంకు చెప్పేలోపే నేను ఇద్దరు సహోద్యోగులకు, నా చదువును అడ్డం పెట్టుకుని, అది ఎలా పనిచేస్తుందో వివరించాను కూడా! కోరుకున్న దానికి సాకులు అల్లడంలో చదువుకున్నవాడికి కాస్త నైపుణ్యం ఎక్కువ, అంతే.

నమ్మేశాక ఆధారాలు చూపించి మార్చడం నా వల్ల కాలేదు. మావయ్యతో మూడు సంక్రాంతులు వాదించి వదిలేశాను. అమ్మ దగ్గర మాత్రం వేరే దారి పట్టాను. ఏ సందేశాన్నీ తప్పని చెప్పకుండా, మేము వాటిని ఎలా వండేవాళ్లమో ముందే చెప్పాను. పిన్ని, బ్యాంకు, అచ్చుతప్పులు, అన్నీ. 1960లలో విలియం మెక్‌గ్వైర్ అనే మనస్తత్వవేత్త ఈ పద్ధతిని టీకాతో పోల్చాడు, రోగం రాకముందే కొద్దిగా రుచి చూపించడం అన్నమాట. ఇప్పుడు అమ్మ అప్పుడప్పుడు ఏదో ఒక సందేశం నాకు పంపి కింద ఒక ముక్క రాస్తుంది: "ఇందులోనూ పిన్ని ఉంది. ఇది మీవాళ్లదా, వీధి చివరి వాళ్లదా?"