మంచు వెలిసిన మర్నాడే జాగ్రత్త

మనాలీకి ఎగువన ఒక హిమ పరిశీలన కేంద్రంలో 22 చలికాలాలు మంచు కొలిచే ఉద్యోగం చేశాను. ఇప్పుడు పలాసలో ఉంటున్నాను. సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయేమో, ఈసారి ఉత్తరాలన్నీ కొండల గురించే వచ్చాయి. వాటిలో నాలుగింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: జనవరి మూడో వారంలో మావారు, ఆరేళ్ల పాప, మా అత్తగారితో కలిసి మనాలీ వెళ్తున్నాం. రోజుకు పదిసార్లు ఫోన్‌లో వాతావరణం చూస్తున్నాను. పొద్దున మంచు బొమ్మ ఉంటే సాయంత్రానికి ఎండ బొమ్మ వస్తోంది. నాలుగు రోజుల్లో మంచు పడటం చూస్తామా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ఆ బొమ్మల్ని కాసేపు పక్కన పెట్టండి. మనకు వానలు నైరుతి నుంచి వచ్చినట్టే, హిమాలయాలకు చలికాలపు మంచు పడమటి నుంచి వస్తుంది. మధ్యధరా సముద్రం వైపు పుట్టిన అల్పపీడనాలు ఇరాన్, అఫ్గానిస్తాన్ దాటుకుని వచ్చి మన కొండలకు తగులుతాయి. వార్తల్లో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని చెప్పేది వీటినే. చలికాలంలో నెలకు నాలుగైదు వస్తాయి. అన్నీ గట్టివి కావు. కొన్ని మబ్బు పట్టించి, నాలుగు చినుకులు రాల్చి వెళ్లిపోతాయి. గట్టిది వస్తే ఒకటి రెండు రోజులు కురిసి వెలుస్తుంది. అందుకని మీరు రోజుకు పదిసార్లు చూడక్కర్లేదు. తర్వాతి డిస్టర్బెన్స్ ఎప్పుడని మాత్రం చూడండి. వాతావరణ శాఖ బులెటిన్‌లో నాలుగైదు రోజుల ముందే దాని కబురు ఉంటుంది. ఎంత పడుతుందన్నది మాత్రం ఆఖరి రెండు రోజుల్లోనే నమ్మకంగా తేలుతుంది.

రెండో సంగతి ఎత్తు. మీ ఫోన్ చూపించేది మనాలీ ఊరి వాతావరణం. ఊరు దాదాపు 2,050 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఊరికి పైనున్న సోలంగ్ లోయ సుమారు 2,500 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. ఆ లెక్కన ఊరికీ సోలంగ్‌కీ మధ్య తేడా మూడు డిగ్రీలు. బస్టాండులో గొడుగు వేసుకుని వానలో నిలబడ్డ రోజునే పైన సోలంగ్‌లో మోకాలి లోతు మంచు పడటం నేను ఎన్నిసార్లు చూశానో. పొద్దున్నే టీ కొట్టు దగ్గర 'రాత్రి మంచు ఎక్కడిదాకా దిగింది' అని అడగండి. తలెత్తి కొండ వైపు చూసి, తెల్లగీత ఏ దేవదారు చెట్ల దగ్గర ఆగిందో వేలు పెట్టి చూపిస్తారు. ఆ రోజుకు అంతకన్నా మంచి సమాచారం ఇంకొకటి ఉండదు.

మేము కొలిచేదీ పొద్దున్నే, ఎనిమిదిన్నరకు. తెల్ల రంగు వేసిన చెక్కపలక మీద రాత్రంతా పడిన మంచులో స్కేలు నిలువుగా గుచ్చి, సెంటీమీటర్లు రాసుకుని, పలక తుడిచి మళ్లీ పరిచేవాళ్లం. ఆ మంచును కరిగిస్తే సెంటీమీటరుకు ఉరామరిగా మిల్లీమీటరు నీళ్లు వస్తాయి. అంటే అడుగు మంచు కరిగితే మన దగ్గర ఓ మోస్తరు వాన కురిసినంత. బాగా చలిగా ఉన్న రోజు పడింది దూదిలా తేలిగ్గా ఉండి నీళ్లు ఇంకా తక్కువ ఇస్తుంది. సున్నాకు అటూ ఇటూగా పడింది తడి ముద్ద. పాప ఉండ చేసి విసరాలంటే ఆ తడి మంచే కావాలి, పొడిది ఉండ కట్టదు.

పడుతుందని మాత్రం నేను మాట ఇవ్వలేను. 2024 జనవరిలో చాలా రోజుల పాటు కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ అంతటి చోట కూడా మంచు లేక గడ్డి కనిపించింది. అప్పుడు పర్యాటకుల కన్నా తోటల వాళ్లు ఎక్కువ బాధపడ్డారు. డిసెంబరు, జనవరిలో పడిన మంచు గడ్డకట్టి నిలుస్తుంది, ఎండాకాలం దాకా మెల్లగా నీరు వదులుతుంది. ఆపిల్ చెట్టుకు ఆ చలీ కావాలి, ఆ తేమా కావాలి. ఊళ్లో పడకపోతే అటల్ సొరంగం దాటి సిస్సూ వెళ్లండి. 9 కిలోమీటర్ల సొరంగం అవతల లాహౌల్ లోయ 3,000 మీటర్లు దాటిన ఎత్తు. ఇవతల పచ్చగా ఉన్న రోజున కూడా అక్కడ తెల్లగా ఉండే అవకాశం ఎక్కువ. తిరుగు టికెట్టుకు ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. భారీగా కురిస్తే పోలీసులు రోడ్డు మూసేస్తారు, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే) బండ్లనే వదులుతారు. 2024 డిసెంబరు చివర్లో సోలంగ్ దగ్గర వేలమంది చిక్కుకుపోయారు.

అత్తగారికి చలి అని తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి. మంచులో బండి ఇరుక్కుంటే అద్దాలు బిగించుకుని ఇంజిన్ నడుపుతూ నిద్రపోవద్దు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీలో ఒక్క రాత్రిలో ఇరవై మందికి పైగా కార్లలోనే చనిపోయారు. సైలెన్సర్ గొట్టాన్ని మంచు కప్పేస్తే పొగ లోపలికి తిరుగుతుంది. కుంపటి నుంచైనా, బండి నుంచైనా వచ్చే ఆ విషవాయువుకు (కార్బన్ మోనాక్సైడ్) వాసన ఉండదు. గొట్టం చుట్టూ మంచు తీస్తూ ఉండాలి, ఒక అద్దం వేలు దూరేంత దించి ఉంచాలి.

ప్రశ్న: పోయినేడు మేము వెళ్లినప్పుడు మంచు పడ్డ రోజు హాయిగానే ఉంది. మర్నాడు మంచి ఎండ కాసింది, అయినా చలికి వణికిపోయాం. ఎండలో చలి ఎక్కువ కావడమేంటి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, మబ్బు దుప్పటి లాంటిది. నేల నుంచి పోయే వేడిని చాలావరకు ఆపుతుంది. మంచు కురుస్తున్నంతసేపూ ఆ దుప్పటి ఉంటుంది. వెలిశాక రాత్రి ఆకాశం నక్షత్రాలతో తేటగా ఉందంటే దుప్పటి తీసేసినట్టే. పైగా నేల మీద పరుచుకున్న కొత్త మంచు పగటి ఎండలో నూటికి ఎనభై వంతులు, అంతకన్నా ఎక్కువే తిరిగి పైకి కొట్టేస్తుంది, నేల వేడెక్కదు. మీ కళ్లు మండి ఉంటే అందుకే. చలువ అద్దాలు మంచు పడే రోజు కన్నా మర్నాడే అవసరం.

ఆ మర్నాటి సంగతి ఇంకొకటి. పగలు కరిగిన నీళ్లు సాయంత్రం రోడ్డు మీద పల్చటి గాజు పలకలా గడ్డకడతాయి. కింద తారు నల్లగా కనిపిస్తుంటే తడి అనుకుంటాం. మూడో చలికాలంలో పాల కోసం వెళ్తూ అలాంటి దాని మీదే జారి నా కుడి మణికట్టు విరిగింది. ఆ రోజు మంచు లేదు, గాలి లేదు, ఆకాశం నీలంగా ఉంది. నీడ పడే మలుపుల్లో పొద్దున పది గంటల దాకా బండి తీయకండి. తీయక తప్పకపోతే టైర్లకు గొలుసులు కట్టించండి.

ప్రశ్న: లంబసింగిలో మంచు పడుతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. అదీ ఇదీ ఒకటేనా?
– ఒక విద్యార్థి, నర్సీపట్నం

జవాబు: కాదు నాయనా. మన భాషలో పొగమంచూ మంచే, ఆకుల మీది చుక్కలూ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. ఒకే మాట కావడంతో పొరపాటు పడతాం. లంబసింగిలో చాలా రోజులు ఉండేది పొగమంచు. రాత్రి సున్నా దగ్గరికి దిగినప్పుడు గడ్డి మీద తెల్లగా పేరుకునేది నేల దగ్గరి తేమ అక్కడికక్కడే గడ్డకట్టింది. మబ్బు నుంచి రాలింది కాదు. కాదని తెలిసినంత మాత్రాన దాని అందం తగ్గదు, తెల్లవారుజామున వెళ్లి తప్పక చూడు.

ప్రశ్న: మా అబ్బాయి సైన్యంలో, కశ్మీర్‌లో ఒక ఎత్తైన పోస్టులో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి 'మంచు ఆగింది, భయం లేదమ్మా' అన్నాడు. అదే రాత్రి టీవీలో మంచు చరియలు విరిగిపడతాయని హెచ్చరిక అన్నారు. ఆగాక హెచ్చరిక ఎందుకు బాబూ? రెండు రోజులుగా ఫోన్ లేదు.
– ఒక తల్లి, టెక్కలి

జవాబు: అక్కా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు ఉన్నదున్నట్టు చెప్తాను.

మంచు దిబ్బలో నేల దాకా గొయ్యి తవ్వి పక్కగోడను చూస్తే పొరలు కనిపిస్తాయి. పైన కొత్తది మెత్తగా, మధ్యలో గాలికి గట్టిపడినది, ఎండకు కరిగి మళ్లీ పేరుకున్న సన్నటి గాజుగీత. అడుగున ఒక్కోసారి పంచదార పలుకుల్లాంటి గింజలు ఉంటాయి. గుప్పెట్లోకి తీసుకుంటే ముద్ద కాకుండా వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. కొత్తగా పడిన బరువు ఆ గింజల మీద కూర్చుంటుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీలున్న చోట పై పలక మొత్తం ఒక్కసారిగా జారవచ్చు. కురిసి ఆగిన తర్వాతి ఒకటి రెండు రోజులు, అందులోనూ ఎండ తగిలే వేళ, ప్రమాదం ఎక్కువ. అందుకే ఆగాకా హెచ్చరిక ఉంటుంది. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ ఈ హెచ్చరికలు జిల్లాల వారీగా, ఎత్తుల వారీగా ఇస్తుంది. మీరు టీవీలో విన్నది జిల్లా మొత్తానికి చెప్పిన మాట. అందులో మీ అబ్బాయి పోస్టు ఏ వాలు కింద ఉందో, ఏ గట్టు మీద ఉందో ఉండదు. అది అక్కడి అధికారులకు తెలుసు. పోస్టుకు జాగా చూసేటప్పుడే మంచు జారే దారి తప్పించాలని చూస్తారు. హెచ్చరిక ఉన్న రోజుల్లో వాలు దాటే నడకలు వీలైనంత ఆపుతారు.

ఫోన్ రాకపోవడానికి చాలాసార్లు కారణం కరెంటు. సోలార్ పలకల మీద మంచు పేరుకుంటుంది, టవర్ పడుకుంటుంది. మాకూ వారం పది రోజులు ఇంటికి కబురు లేకుండా గడిచిన సందర్భాలున్నాయి. మా అమ్మ ఆ రోజుల్లో అన్నం సరిగా తినేది కాదని తర్వాత మా చెల్లెలు చెప్పింది. మీరు అలా చేయకండి. మరీ కంగారుగా ఉంటే వాళ్ల యూనిట్ నంబరుకు చేయండి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగినా దారి చెప్తారు.

వాడు మాట్లాడినప్పుడు ఒకటి అడగండి, రాత్రి తడి మేజోళ్లు మార్చుకుంటున్నాడా అని. మేము రెండో జతను చొక్కా లోపల పొట్టకు ఆనించి పెట్టుకునేవాళ్లం, తెల్లారేసరికి ఆరేవి. పార్సిల్ పంపితే నూలువి వద్దు, ఉన్నివి నాలుగు జతలు పంపండి.