వరిగడ్డి పుట్టగొడుగు: 10 రోజులైనా గడ్డి బెడ్‌లో తెల్ల దారం రాలేదన్న ప్రశ్నకు

తప్పు గడ్డిది కాదు, ఫ్రిజ్‌ది. స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) తెచ్చి వారం రోజులు ఫ్రిజ్‌లో ఉంచానని మీరే రాశారు. వరిగడ్డి పుట్టగొడుగు (వాల్వేరియెల్లా) ఉష్ణమండలపు జాతి. 4 డిగ్రీల చలిలో గడ్డిలో అల్లుకుని పుట్టగొడుగును పుట్టించే దాని తెల్ల దారాలు చచ్చిపోతాయి. ముత్యపు చిప్ప పుట్టగొడుగు స్పాన్ ఫ్రిజ్‌లో నిక్షేపంగా ఉంటుంది కదా, ఆ అలవాటే దీనికీ పెట్టేస్తారు చాలామంది. నేనూ మొదట్లో రెండు ప్యాకెట్లు అలాగే పోగొట్టుకున్నాను.

ఆ బెడ్‌ను వదిలేసి, ఈసారి ఇలా చేయండి:

1. తాజా స్పాన్ తెచ్చి గది వేడిలోనే, నీడన ఉంచండి. త్వరగా వాడేయండి.
2. ప్యాకెట్‌లో ఎరుపు కలిసిన గోధుమ రంగు మచ్చలుంటే పాడైందనుకోకండి, ఈ జాతి స్పాన్ అలాగే ఉంటుంది. ఆకుపచ్చ బూజు, పులిసిన వాసన ఉంటే మాత్రం పారేయండి.
3. గడ్డిని రాత్రంతా నానబెట్టి, నీళ్లు ఓడ్చండి. గుప్పిట పట్టి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. ధార కారితే ఇంకాసేపు ఆరనివ్వండి.
4. స్పాన్ వేశాక బెడ్‌పై ప్లాస్టిక్ షీటు కప్పండి. థర్మామీటరు గోడకు కాదు, బెడ్ లోపల గుచ్చి చూడండి. 30 నుంచి 35 డిగ్రీలు ఉండాలి.
5. వారానికి అటూ ఇటూగా గుండుసూది తలల్లాంటి మొగ్గలు కనబడతాయి. అప్పుడు షీటు తీసి గాలి ఆడనివ్వండి.

గుడ్డు ఆకారంలో ఉండగానే కోయండి. కోసినవీ ఫ్రిజ్‌లో పెట్టొద్దు, నీరు కారిపోతాయి.