సత్సంగంలో ఓర్పు ఎంతవరకు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. వయసు 54. మా వీధి మందిరంలో కొందరు మహిళలం ప్రతి శనివారం విష్ణు సహస్రనామ పారాయణం చేస్తాం. తెల్లవారకముందే వచ్చి మందిరం ఊడ్చి, ముగ్గు వేసే పెద్దక్కే మమ్మల్ని నడిపిస్తారు. ఆమెది పెద్ద గొంతు, చదివే వేగం కూడా ఎక్కువ. నాకు నిదానంగా చదవడం ఇష్టం. ఇంకొకామె ధ్యానంలో కూర్చున్నప్పుడూ కబుర్లు ఆపరు. ఈమధ్య కొత్తగా వచ్చిన ఒక అమ్మాయిని ఉచ్చారణ సరిగా లేదని పెద్దక్క అందరి ముందూ కసురుకున్నారు. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఇంటికి వచ్చాక కూడా నా మనసు రగులుతూనే ఉంటోంది. కార్తీకంలో అందరం బ్రహ్మంగారి మఠానికి వెళ్లాలనుకున్నాం, నాకు వెళ్లబుద్ధి కావడం లేదు. మానేసి ఇంట్లోనే చదువుకోనా?

సలహా: అమ్మా, పెద్దక్క గొంతును, వేగాన్ని, ఆమె ఆ అమ్మాయిని కసురుకోవడాన్ని మీరు ఒకే ఫిర్యాదుగా రాశారు. వాటిని విడదీసి చూస్తే మీ బాధలో సగం తగ్గుతుందని నాకు అనిపిస్తోంది. గొంతు, వేగం ఆమె స్వభావానికి సంబంధించినవి. జ్ఞానం కలవాడు సైతం తన ప్రకృతికి తగినట్టే నడుచుకుంటాడని గీత మూడో అధ్యాయంలో ఉంది. మరి జ్ఞానులమని చెప్పుకోలేని మనం, అరవై ఏళ్లు దాటి ఉండే ఒక మనిషి మన కోసం నెమ్మదిస్తుందని ఎదురుచూడడం న్యాయమేనా? సహస్రనామాన్ని అరగంటలో ముగించేవారూ, గంటసేపు చదివేవారూ ఇద్దరూ భక్తులే. పైగా మీరు పైపైన ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ ఊడ్పు, ముగ్గు కూడా అదే స్వభావం నుంచి వచ్చినవి. ఎవరూ రాకముందే వచ్చి పని అందుకునే చొరవ ఉన్నవారికి, పారాయణంలో నలుగురి వెనుక నడిచే నిదానం సాధారణంగా ఉండదు. నెలకు ఒక శనివారం నిదానంగా చదువుదామని, ఆ రోజు మీరు నడిపిస్తానని ఆమెనే అడగండి. ఆమె ఒప్పుకోకపోతే నిదాన పారాయణం ఇంట్లో చేసుకోండి, శనివారం మాత్రం మానకండి.

కబుర్ల సంగతి చిన్నది. ధ్యానాన్ని పారాయణానికి ముందుకు మార్చి, ప్రసాదం పంచాక కాసేపు మాట్లాడుకునే వీలు కల్పిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఆ అమ్మాయి విషయంలో మాత్రం ఓర్పు అనే మాటను నేను ఒప్పుకోను. ఎదుటివారి తీరును భరించడం మీ ఇష్టం, కానీ మూడో మనిషికి జరిగిన అవమానాన్ని ఆమె తరఫున మీరు భరించలేరు. అక్కడ మౌనంగా ఉండడాన్ని మన సత్సంగాల్లో చాలామంది సహనమనుకుంటారు. నా దృష్టిలో అది గొడవ తప్పించుకోవడమే. పెద్దక్కతో మాట్లాడండి. మందిరంలోనో, వేరొకరి ద్వారానో కాకుండా ఆమె ఇంటికి వెళ్లి, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. ఉచ్చారణ దిద్దవద్దని అనకండి, దిద్దడం ఆమెకు తెలిసిన విద్య. పారాయణం అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని దిద్దితే ఆ పిల్ల నేర్చుకునేదని మాత్రం అనండి. ఆమె కోపగించుకున్నా వాదించకుండా వచ్చేయండి. మీరు చెప్పవలసింది చెప్పారు. తరువాత ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, కార్తీకంలో మఠానికి తనను కూడా రమ్మని పిలవండి. దూదేకుల ఇంట పుట్టిన సిద్ధయ్యను వీరబ్రహ్మేంద్రస్వామి తన ముఖ్య శిష్యుల్లో ఒకరిగా చేసుకున్నారని మన జిల్లాలో తెలియనివారుండరు. అలాంటి చోటికి, పలకడం రాలేదని ఒక పిల్లను వదిలేసి ఎలా వెళతారు?

ఇక ఇంటికి వచ్చాక మనసు రగలడం గురించి. శనివారం జరిగింది ఆదివారం ఇంట్లో వాళ్లకు చెబుతున్నారా? చెబుతూ ఉంటే కోపం చల్లారదు, ప్రతిసారీ కొత్తదవుతుంది. ఈ నెలంతా ఆ ఒక్కటీ మానేసి చూడండి. పెద్దక్కతో మాట్లాడాక కూడా ఎవరినైనా అందరి ముందూ కించపరచడం ఆగకపోతే, అప్పుడు మీరు మరో సత్సంగం వెతుక్కోవడంలో తప్పు లేదు. కేవలం ఆమె వేగం నచ్చక మానేస్తే మాత్రం, వెళ్లిన చోట మరో స్వభావం ఎదురవుతుంది.