నీ కథలో మోడెమ్ గురించి

తమ్ముడూ,

కథ నిన్న రాత్రే చదివీసాను. 2001లో శ్రీకాకుళం, ఏడురోడ్ల జంక్షన్ దగ్గర నెట్ సెంటరు, ఎంసెట్ రిజల్టు కోసం బెంచీ మీద కూచున్న పిల్ల, లినక్స్ వేసిన సిస్టమ్‌తో కుస్తీ పడుతున్న కుర్రాడు, మనుషులు బాగా కుదిరారు, ఆ పిల్ల వాళ్ళ నాన్న మాటిమాటికీ గడియారం చూసుకోడం నాకు మరీ నచ్చింది. కానీ నెట్ కనెక్ట్ అవ్వని సీన్ ఉంది చూడు, అది మళ్ళీ రాయాలి, కథకి గుండెకాయ అదే, అక్కడే నువ్వు ఊహించి రాసీసావు.

ఫోను లైను మీంచి నెట్‌కి కలిపే మోడెమ్ కీచుమని అరిచిందన్నావు, తర్వాత స్క్రీన్ మీద నో డయల్‌టోన్ అని వచ్చిందన్నావు. అలా జరగదు. డయల్‌టోన్, అదే ఫోనెత్తగానే వినపడే గుయ్యిమనే చప్పుడు, ఉందో లేదో మోడెమ్ చూసుకునేది నంబరు కొట్టకముందు, ఆ కీచులాట అవతలి మోడెమ్ ఫోనెత్తాక. నో డయల్‌టోన్ అంటే వైరు ఊడిందో, లైను చచ్చిందో, పక్కగదిలో రిసీవర్ ఎవరో సరిగ్గా పెట్టలేదో. నీ కుర్రాడేమో పాస్‌వర్డ్ మార్చి మార్చి కొడతన్నాడు, అసలు పాస్‌వర్డ్ దాకా వెళ్తే కదా!

డయలప్‌లో, అంటే ఇలా ఫోను నంబరు కొట్టి నెట్‌కి కలిసే పద్ధతిలో, ఎక్కడ ఆగిందో అదే చెప్పీస్తాది, అది తెలిస్తే టెన్షన్ దానంతటదే వస్తాది. మినీకామ్ అని మోడెమ్‌తో నేరుగా మాట్లాడే ప్రోగ్రాం ఉంటాది, అందులో ఏటీ (AT) అని కొడితే ఓకే రావాలి. రాలేదా, మోడెమ్ తగిలించిన పోర్టు పేరు తేడా అయ్యుంటాది, విండోస్‌లో కామ్1 అనేది ఇక్కడ టీటీవైఎస్0, లేదంటే అది విన్‌మోడెమ్, సగం పని విండోస్ సాఫ్ట్‌వేరుకి వదిలేసే రకం, దాని డ్రైవర్ లేందే పలకదు. కనెక్ట్ అని పడగానే స్పీకరు మూగబోతాది, బయట పెట్టే మోడెమ్ అయితే సీడీ లైటు (క్యారియర్ డిటెక్ట్, అవతలి మోడెమ్‌తో కలిసిందని గుర్తు) వెలుగుతాది, ఆ లైటు ఆరకుండా ఉందంటే గొడవ ఇంక లైనులో లేదు, లాగ్, అంటే ఏం జరిగిందో సిస్టమ్ రాసుకునే ఫైలు, చూడాలి. అందులో ఎల్‌సీపీ (పీపీపీలో మొదటి మెట్టు) టైమవుట్ అని ఉంటే చాలాసార్లు అవతల పీపీపీ, అంటే ఫోను లైను మీద నెట్ నడిపే పద్ధతి, ఇంకా మొదలవలేదనే, నంబరు కొట్టి లాగిన్ అయ్యే చాట్ స్క్రిప్టు లాగిన్ దగ్గరే ఆగిపోయుంటాది. పీఏపీ (పేరూ పాస్‌వర్డూ సరిచూసే మెట్టు) అథెంటికేషన్ ఫెయిల్డ్ అని ఉంటే, అప్పుడు మార్చనీ పాస్‌వర్డు.

నేనైతే ఆ సెంటర్లో వేరే తప్పు పెడతాను. నాలుగు సిస్టమ్‌లకి ల్యాన్, అంటే ఒకదానికొకటి కలిపే వైరింగు, ఉందని నువ్వే రాసావు కదా. మోడెమ్ కలిసింది, పీపీపీ లేచింది, ఐపీ అడ్రస్ కూడా వచ్చింది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఏటంటే, డీఫాల్ట్ రూట్, అంటే బయటి నెట్‌కి వెళ్ళే దారి, అప్పటికే ల్యాన్ కార్డు మీద ఉంది, ఉన్నదాన్ని పీపీపీని నడిపే ప్రోగ్రాం పీపీపీడీ తనంతట తీసీదు, నాట్ రీప్లేసింగ్ ఎగ్జిస్టింగ్ డీఫాల్ట్ రూట్ అని లాగ్‌లో ఓ లైను రాసి ఊరుకుంటాది. లైటు వెలుగుతానే ఉంది, ఫోను బిల్లు తిరుగుతానే ఉంది, పిల్ల చూస్తానే ఉంది, కుర్రాడు ఆ లైను దాటిపోయి మళ్ళీ మళ్ళీ డయల్ చేస్తన్నాడు. అది రాయి. ఆ లైను కంటపడ్డాక పాత రూట్ తీసీసి ఇంకోసారి డయల్ చేస్తాడు, అంతే.

పనిపాటలు లోపల్నుంచి తెలిసి రాసిన కథలు ఎలా ఉంటాయో చూడాలంటే కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన తెలుగు కథల లైబ్రరీ కథానిలయం మీ ఊళ్ళోనే ఉంది, రెండ్రోజులు వెళ్ళి కూచో.

ఇంకోటి, చివర్లో వాన పడి లైను తెగిపోయిందన్నావు, అది తీసీ. అది కుర్రాడి చేతిలో లేనిది, రూట్ సంగతి అతని చేతిలో ఉన్నది. మార్చాక పంపు, చదువుతాను.

మీ అన్న