పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నాం, ఫ్లాట్ అతని పేరు మీద కొంటే నాకేం హక్కు?

ప్రశ్న: మేమిద్దరం నాలుగేళ్లుగా తిరుపతిలో కలిసి ఉంటున్నాం, పెళ్లి చేసుకోలేదు. తిరుచానూరు రోడ్డులో 48 లక్షల ఫ్లాట్ చూశాం. 12 లక్షలు నేను కడతాను, 36 లక్షలు అతను లోన్ తీసుకుంటాడు. ఈఎంఐలో సగం నాదే. రిజిస్ట్రేషన్ మాత్రం అతని పేరు మీద. నాకు హక్కు ఉంటుందా?

జవాబు: మీరు చెప్పిన పద్ధతిలో అయితే ఉండదు. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున కొంటే బినామీ చట్టం అడ్డొస్తుంది. అందులో భార్యాభర్తలకు మినహాయింపు ఉంది, మీకు లేదు. పోనీ బహుమతి అందామా? బంధువు కానివారి నుంచి ఏడాదిలో 50 వేలు దాటితే వచ్చిన మొత్తమంతా అతని ఆదాయమే, 12 లక్షలకూ అతను పన్ను కట్టాలి. ఎన్నేళ్లు కలిసి ఉన్నా పన్ను చట్టానికి మీరు బంధువులు కారు.

అందుకే సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లూ, ఎవరి వాటా ఎంత శాతమో రాయించండి. రాయకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ కింద ఎవరు పెట్టిన డబ్బును బట్టి వారి వాటా. ఆధారం లేకపోతే చెరి సగం. మీ 12 లక్షలు అతని ఖాతా గుండా పోకుండా, మీ ఖాతా నుంచి నేరుగా అమ్మేవారికే వెళ్లాలి.

చిక్కంతా బ్యాంకు దగ్గరే. డీడ్‌లో పేరున్నవాళ్లందరినీ లోన్‌లోనూ చేరమంటారు, పెళ్లికాని జంటంటే చాలాచోట్ల వెనకాడతారు. బిల్డర్‌కు అడ్వాన్స్ ఇవ్వకముందే రెండు మూడు బ్యాంకుల్లో అడగండి. లోన్‌లో చేరాక అతను కట్టకపోతే మొత్తం బాకీకి మీరూ బాధ్యులే.

ఎవరూ ఒప్పుకోకపోతే ఫ్లాట్ అతనిదే అనుకుని, మీ డబ్బు అప్పుగా ఇవ్వండి. బ్యాంకు ద్వారానే పంపి ప్రోనోటు రాయించుకోండి. 20 వేలు, ఆపైన అప్పు నగదులో ఇచ్చిపుచ్చుకోకూడదు. నోటు గడువు మూడేళ్లే, దాటకముందే తిరగరాయించుకోవాలి. ఇక్కడ మొహమాటపడితే మునిగేది మీరే. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 31 వేలు. అప్పుడు అందులో సగం ఇవ్వకండి, ఆ డబ్బు మీ పేరున దాచుకోండి.

మీరు హిందువులైతే, వీలునామా లేకుండా అతను పోతే ఆస్తి వాళ్లమ్మగారికి, ఆవిడ లేకుంటే తండ్రికి. మీ వాటా మీ అమ్మానాన్నలకు. ఇద్దరూ విడివిడిగా వీలునామా రాయండి, ఇద్దరు సాక్షులుండాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు గానీ, సంతకం రాసినవారిది కాదని రేపు బంధువులు వాదించకుండా చేయించడమే మేలు. వీలునామాతో వచ్చినదానికి బహుమతి పన్ను ఉండదు. కాకపోతే తన వీలునామాను అతను మీకు చెప్పకుండానే మార్చేయొచ్చు, పూర్తిగా దాని మీదే ఆధారపడకండి.

నామినీగా పెట్టాడన్న ధీమా కూడా వద్దు. షేర్లు, మ్యూచువల్ ఫండ్లలో నామినీ సొంతదారు కాదని, వారసుల హక్కు పోదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. పీఎఫ్‌లో అయితే అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులుంటే మీ పేరు రాసినా చెల్లదు.

2005 గృహహింస చట్టం మీలాంటి బంధాలకూ వర్తించవచ్చు. హింస జరిగితే ఆ ఇంట్లో ఉండే హక్కు, భరణం అడగొచ్చు. ఫ్లాట్‌లో వాటా మాత్రం ఆ చట్టం ఇవ్వదు.