హాకర్ 125: యాభై ఏళ్లు మారుతూ వచ్చిన జెట్

బిజినెస్ జెట్ (కంపెనీల పెద్దలు ప్రయాణాలకు వాడే చిన్న జెట్ విమానం) పాతబడితే కొత్తది తయారు చేయకుండా పాతదాన్నే ఎందుకు మారుస్తారని అడిగారు. మొదటి కారణం ఖర్చు. పూర్తిగా కొత్త విమానమైతే డిజైన్, పరీక్షలు, అనుమతులు అన్నీ మొదటి నుంచీ చేయాలి. పాతదైతే మార్చిన భాగాలు సురక్షితమని చూపిస్తే చాలావరకు పని అయిపోతుంది.

హాకర్ 125నే తీసుకోండి. బ్రిటన్‌లో డి హావిలాండ్ కంపెనీ తయారు చేసిన ఈ జెట్ 1962 ఆగస్టు 13న మొదటిసారి ఎగిరింది. అప్పట్లో తోక దగ్గర రెండు వైపర్ టర్బోజెట్ ఇంజన్లు ఉండేవి. పీల్చిన గాలంతా మంట ఉండే భాగంలోంచే వెళ్లాలి కాబట్టి చెవులు చిల్లులు పడే మోత, ఇంధనం కూడా నీళ్లలా ఖర్చయ్యేది. 1976లో ఎగిరిన 700 మోడల్‌కి గారెట్ కంపెనీ టర్బోఫ్యాన్ ఇంజన్లు బిగించారు. వీటిలో ముందున్న ఫ్యాన్ నెట్టే గాలిలో ఎక్కువ భాగం మంట జోలికి పోకుండా చుట్టూ తిరిగి బయటపడుతుంది. మోత తగ్గింది, దూరం పెరిగింది. నా ఉద్దేశంలో ఈ విమానాన్ని బతికించింది ఈ ఒక్క మార్పే.

1983 నాటి 800 మోడల్‌ని చూడగానే గుర్తుపట్టొచ్చు: కాక్‌పిట్‌కి వంపు తిరిగిన అద్దం, పొడవైన రెక్కలు. తర్వాత అమెరికాలోని రేథియాన్ కంపెనీ ఈ జెట్ల తయారీ వ్యాపారాన్ని కొనేసింది. 850ఎక్స్‌పీ మోడల్‌కి రెక్కల చివర పైకి లేచిన చిన్న రెక్కలు (వింగ్‌లెట్లు) వచ్చాయి.

క్యాబిన్ ఎత్తు మాత్రం సుమారు 1.75 మీటర్లే. ఆరడుగుల మనిషి చివరి మోడల్‌లోనూ తల వంచుకునే నడవాలి.